వల తెగిన చోటు

పాఠ్యభాగ నేపథ్యం

కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నవీకరించిన తరువాత నెట్‌వర్క్ సంబంధం తెగిపోవడం లోకమంతటా కనిపించే ఇబ్బంది. దీనికి కారణాలు అనేకం. అయితే కారణాన్ని కనుగొనే మార్గం మాత్రం ఒక్కటే. వరుస తప్పకుండా పరీక్షించడం, పరీక్ష చూపిన చోటనే చికిత్స చేయడం ఆ మార్గం. 2004 నుండి 2017 వరకు నిజంగా జరిగిన కొన్ని సంఘటనల ఆధారంగా ఆ మార్గాన్ని వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఇల్లు అలకగానే పండుగ కాదని మన పెద్దల మాట. కంప్యూటర్ విషయంలో ఈ మాట అక్షరాలా నిజమవుతూ ఉంటుంది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపన పూర్తవుతుంది. తెర మీద స్వాగత వాక్యం కనిపిస్తుంది. రంగులు, బొమ్మలు, అక్షరాలు అన్నీ కొత్త శోభను సంతరించుకుంటాయి. తీరా బ్రౌజర్ తెరిస్తే ఒక్క పుట కూడా రాదు. నిన్నటి వరకు చక్కగా పనిచేసిన అంతర్జాల సంబంధం నేడు లేదు. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పంపవలసిన చివరి రోజునో, ఉపకార వేతనం వివరాలు నమోదు చేయవలసిన రోజునో ఇలా జరిగితే ఆ విద్యార్థి పడే ఆందోళన వర్ణనాతీతం. పైగా ఈ వ్యాధిలో ఒక విచిత్రం ఉంది. దీనికి కావలసిన మందు అంతర్జాలంలోనే ఉంటుంది. రోగి మాత్రం అక్కడికి వెళ్లలేడు.

ఆపరేటింగ్ సిస్టమ్ కంప్యూటర్‌లోని సమస్త భాగాలనూ నడిపించే నిర్వహణ వ్యవస్థ. కీబోర్డు మీద వేలు పడినా, ముద్రణ యంత్రం నుండి కాగితం వెలువడినా, దూరదేశంలోని కంప్యూటర్ నుండి సమాచారం వచ్చినా అంతా దాని ద్వారానే జరగాలి. అయితే ప్రతి తయారీదారు చేసిన ప్రతి పరికరం భాష దానికి తెలియదు. కావున పరికరానికీ, వ్యవస్థకూ నడుమ దుభాషి వంటి ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. దానినే డ్రైవర్ అంటారు. వ్యవస్థను నవీకరించినపుడు దాని మూలభాగాలు మారిపోతాయి. పాత అమరికలలో కొన్ని కొత్త వ్యవస్థలోకి వస్తాయి, కొన్ని రావు. అందువల్ల మూడు రకాల చిక్కులు ఏర్పడవచ్చు. పాత దుభాషికి కొత్త యజమాని భాష అర్థం కాకపోవడం మొదటిది. తొలగిపోవలసిన పాత సామగ్రి కొత్త ఇంటిలో మిగిలిపోవడం రెండవది. కొత్త వ్యవస్థ పాత ఆచారాన్ని మార్చివేయడం మూడవది.

ఇన్ని చిక్కులున్నపుడు నవీకరించకుండా ఉంటే సరిపోదా అనే సందేహం కలగడం సహజం. పాత వ్యవస్థలో ఎప్పటికప్పుడు బయటపడే లోపాలను తయారీ సంస్థ కొంతకాలమే సరిదిద్దుతుంది. ఆ గడువు ముగిసిన తరువాత బయటపడిన లోపాలు పూడ్చని గోతులవలె మిగిలిపోతాయి. 2015లో విడుదలైన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కావున నవీకరణ తప్పించుకోదగిన పని కాదు. దాని వెంట వచ్చే చిక్కులను విడదీయడం నేర్చుకోవడమే ఉచితం.

సంబంధం తెగిపోగానే సాధారణంగా జరిగేది ఏమిటి? ఒకరు ఫైర్‌వాల్ తీసివేయమంటారు. ఇంకొకరు రౌటర్ అమరికలన్నీ చెరిపివేయమంటారు. మరొకరు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తిరిగి స్థాపించమంటారు. ఆందోళనలో ఉన్నవారు ఇవన్నీ ఒకేసారి చేస్తారు. సంబంధం తిరిగి వచ్చినా ఏ చర్య వల్ల వచ్చిందో తెలియదు. రాకపోతే మొదటి లోపానికి మరి నాలుగు లోపాలు తోడవుతాయి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే. నెట్‌వర్క్ ఒకే వస్తువు కాదు. అది అనేక ముడులు గల వల. వల తెగినపుడు జాలరి దానిని పారవేయడు. చేతులతో తడిమి, తెగిన చోటు కనుగొని, అక్కడ మాత్రమే ముడి వేస్తాడు. మనం చేయవలసినది కూడా అదే.

రోగం ఎవరిది?

కంప్యూటర్‌ను ముట్టుకునే ముందు తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. లోపం నిజంగా ఈ కంప్యూటర్‌లోనే ఉన్నదా? నవీకరణ జరిగిన రోజునే సంబంధం పోయింది కాబట్టి నవీకరణే కారణమని మనసు వెంటనే నిర్ణయిస్తుంది. ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కానవసరం లేదు. అదే ఇంటిలో, అదే వైఫైకి మరొక ఫోన్‌ను కలిపి, దాని మొబైల్ డేటాను ఆపి చూడాలి. ఆ ఫోన్‌లో కూడా పుటలు రాకపోతే లోపం రౌటర్‌లోనో, సేవను అందించే సంస్థ తీగలోనో ఉన్నట్లు భావించాలి. ఫోన్ పనిచేసి కంప్యూటర్ పనిచేయకపోతేనే కింది ఐదు మెట్లు ఎక్కాలి. ఈ ఒక్క పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఇది చేయనందువల్ల గంటలు వృథా చేసుకునేవారు ఎందరో ఉన్నారు.

మొదటి మెట్టు: పరికరం

తీగతో కలిపిన సంబంధమైతే తీగ కొస వద్ద చిన్న దీపం వెలుగుతున్నదో లేదో చూడాలి. వైఫై అయితే విమానయాన స్థితి ఆగి ఉన్నదో లేదో గమనించాలి. తరువాత డివైస్ మేనేజర్ అనే పట్టికను తెరవాలి. అందులో నెట్‌వర్క్ కార్డు పేరే లేకపోయినా, దాని పక్కన పసుపుపచ్చని ఆశ్చర్యార్థకం ఉన్నా డ్రైవర్ లోపమని గ్రహించాలి. అట్టి స్థితిలో కంప్యూటర్ తయారీదారు వెబ్‌సైటు నుండి కొత్త వ్యవస్థకు తగిన డ్రైవర్‌ను మరొక కంప్యూటర్‌లో దిగుమతి చేసుకుని, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి స్థాపించాలి.

కొన్నిసార్లు కార్డు, డ్రైవర్ రెండూ బాగానే ఉన్నా వాటి నడుమ మరేదో అడ్డు నిలుస్తుంది. 2015 జులై 29న విండోస్ 10 విడుదలైనపుడు విండోస్ 8.1 నుండి దానికి మారిన కొందరికి ఒక్క వైఫై పేరు కూడా కనిపించలేదు. కొందరికి తీగ సంబంధం కూడా సరిగా పనిచేయలేదు. కార్యాలయాలతో రహస్య మార్గంలో కలిపే వీపీఎన్ అనే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ వారి కంప్యూటర్లలో ఉండడమే దీనికి కారణమని మైక్రోసాఫ్ట్ వివరించింది. ఆ సాఫ్ట్‌వేర్ తనతోపాటు ఒక వడపోత డ్రైవర్‌ను స్థాపిస్తుంది. వచ్చిపోయే సమాచారమంతా దానిగుండా సాగుతుంది. వ్యవస్థ మారినా ఈ పాత వడపోత తన స్థానాన్ని విడవలేదు. కొత్త వ్యవస్థతో కలిసి పనిచేయనూ లేదు. చింత చచ్చినా పులుపు చావలేదన్నమాట. ఆ ఒక్క వడపోతను తొలగించగానే వైఫై పేర్లు తిరిగి కనిపించాయి. వ్యవస్థను తిరిగి స్థాపించవలసిన అవసరం లేకపోయింది.

లైనక్స్ వ్యవస్థలలో మరొక రకం చిక్కు ఎదురైంది. వాటిలో మొదటి నెట్‌వర్క్ కార్డుకు చాలాకాలం ఈటీహెచ్0 అని, రెండవదానికి ఈటీహెచ్1 అని పేర్లుండేవి. కంప్యూటర్ మేల్కొన్నపుడు ఏ కార్డు ముందు కనిపిస్తే దానికి సున్నా సంఖ్య దక్కేది. రెండు కార్డులున్న యంత్రంలో ఒక్కొక్కసారి ఈ పేర్లు తారుమారయ్యేవి. ఈ గందరగోళాన్ని నివారించడానికి 2013 జనవరిలో వచ్చిన సిస్టమ్‌డి 197వ వెర్షన్ కొత్త పద్ధతిని ప్రవేశపెట్టింది. కార్డు ఉన్న స్థానాన్ని బట్టి దానికి ఈఎన్‌పీ3ఎస్0 వంటి పేరు పెట్టడం ఆ పద్ధతి. ఉద్దేశం మంచిదే. అయితే పాత అమరికల ఫైలు ఇంకా ఈటీహెచ్0 కోసమే వెదుకుతూ ఉంటే ఆ పేరు గలవారు ఇంటిలో ఎవరూ లేరు. చిరునామా సరిగానే ఉన్నా, ఇంటిపేరు మారినందువల్ల ఉత్తరం అందని స్థితి ఇది. ఐపీ లింక్ అనే ఆజ్ఞతో కార్డు ప్రస్తుత నామాన్ని తెలుసుకుని, ఫైలులో పాత పేరు స్థానంలో దానిని రాస్తే చిక్కు విడిపోతుంది.

రెండవ మెట్టు: చిరునామా

పరికరం సరిగా ఉన్నదని తేలిన తరువాత దానికి చిరునామా లభించినదో లేదో చూడాలి. నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌కూ అంకెలతో కూడిన ఐపీ చిరునామా ఉండాలి. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో చేరగానే తనకొక చిరునామా కావాలని ప్రకటిస్తుంది. రౌటర్ ఖాళీగా ఉన్న చిరునామాను కొంతకాలానికి ఇస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకొనే పద్ధతినే డీహెచ్‌సీపీ అంటారు.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ అనే ఆజ్ఞను ఆంగ్ల అక్షరాలలో టైపు చేస్తే చిరునామా కనిపిస్తుంది. ఇండ్లలోని రౌటర్లు చాలావరకు 192.168 తో మొదలయ్యే చిరునామాలను ఇస్తాయి. అందుకు బదులు 169.254 తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే, అది రౌటర్ ఇచ్చినది కాదు. ఎంత అడిగినా ఎవరూ బదులు పలకనందున కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్న చిరునామా అది. లోపం ఈ మెట్టు మీదనే ఉన్నదనడానికి ఇంతకంటె స్పష్టమైన గుర్తు లేదు.

2007 జనవరి 30న విండోస్ విస్టా ప్రజలకు అందుబాటులోకి వచ్చినపుడు ఇటువంటి చిక్కే వచ్చింది. చిరునామా అడిగేటపుడు, జవాబును నాకొక్కడికే కాక అందరికీ వినిపించేటట్లు ప్రకటించండి అని కోరే ఒక గుర్తును విస్టా తన విన్నపంలో చేర్చేది. అంతకు ముందున్న విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్ ఆ గుర్తును చేర్చేది కాదు. నియమాల ప్రకారం రెండు పద్ధతులూ సరైనవే. కాని కొన్ని రౌటర్లకు ఆ కొత్త విన్నపం అర్థం కాలేదు. అదే ఇంటిలో పాత కంప్యూటర్‌కు చిరునామా దొరికేది, కొత్త వ్యవస్థ గల కంప్యూటర్‌కు దొరికేది కాదు. ఇక్కడ తప్పు ఎవరిది? విస్టాదా? రౌటర్‌దా? ఇరువురి నడుమ మాట కుదరలేదు, అంతే. రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను నవీకరించడమో, విస్టాలో ఆ గుర్తును ఆపివేయడమో చేస్తే సరిపోయింది. చాలా నెట్‌వర్క్ చిక్కులలో దోషి కోసం వెదకడం కంటె మాట ఎక్కడ తప్పిందో కనుగొనడమే ఫలవంతమైన పని.

మూడవ మెట్టు: దారి

చిరునామా ఉంటే చాలదు, ఇంటి వాకిలి నుండి ఊరి దారి తెరిచి ఉండాలి. దీనిని పరీక్షించే సాధనం పింగ్. 1983 డిసెంబరులో అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో పనిచేస్తున్న మైక్ మూస్, తమ నెట్‌వర్క్ వింతగా ప్రవర్తించడం గమనించి, కారణం తెలుసుకునేందుకు ఈ చిన్న ప్రోగ్రామ్‌ను రాశాడు. జలాంతర్గామి నీటిలోకి ధ్వనిని పంపి, ప్రతిధ్వని తిరిగి వచ్చే కాలాన్ని బట్టి ఎదుటి వస్తువు దూరాన్ని గ్రహిస్తుంది. సోనార్ అనే ఆ సాధనం చేసే శబ్దాన్ని బట్టే ఆయన దీనికి పింగ్ అని పేరు పెట్టాడు. ఒక చిక్కును విప్పడానికి ఒక మనిషి చేసుకున్న పనిముట్టు నేటికీ దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉన్నది.

పింగ్‌ను దగ్గర నుండి దూరానికి వాడాలి. మొదట 127.0.0.1 ను పిలవాలి. అది మన కంప్యూటర్ తనను తాను పిలుచుకునే చిరునామా. జవాబు వస్తే లోపలి నెట్‌వర్క్ భాగాలు పనిచేస్తున్నట్లు. తరువాత ఐపీకాన్ఫిగ్ చూపిన డిఫాల్ట్ గేట్‌వేను, అనగా రౌటర్‌ను పిలవాలి. జవాబు వస్తే గడప వరకు దారి బాగున్నట్లు. ఆపైన 8.8.8.8 వంటి బయటి చిరునామాను పిలవాలి. జవాబు వస్తే లోకంతో మన సంబంధం తెగలేదని అర్థం. ఏ పిలుపు వద్ద జవాబు ఆగిపోయిందో అక్కడే తెగిన చోటు ఉన్నది. అయితే ఒక హెచ్చరిక. కొన్ని యంత్రాలు భద్రత కోసం పింగ్‌కు జవాబివ్వవు. కావున ఒక్క చోట మౌనం ఎదురైనంత మాత్రాన తీర్పు చెప్పరాదు. మరొక చిరునామాను కూడా పిలిచి చూడాలి.

నాలుగవ మెట్టు: పేరు

అంకెల చిరునామాకు జవాబు వస్తున్నది, కాని పేరు టైపు చేస్తే పుట రాదు. అటువంటపుడు లోపం పేర్ల పట్టికలో ఉన్నది. మనుషులకు పేర్లు గుర్తుంటాయి, యంత్రాలకు అంకెలు కావాలి. తొలిరోజులలో నెట్‌వర్క్‌లోని యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి. యంత్రాలు పెరిగిన కొద్దీ ఆ పద్ధతి సాగలేదు. 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్ అనే పద్ధతిని రూపొందించాడు. మనం పేరు రాస్తే డీఎన్ఎస్ సర్వర్ దానికి తగిన అంకెలను వెదికి ఇస్తుంది.

నవీకరణలో ఈ భాగమే మారిపోతే ఏమవుతుందో యాపిల్ కంప్యూటర్లు వాడేవారికి అనుభవమైంది. 2014 అక్టోబరులో వెలువడిన యోసెమిటీ అనే వ్యవస్థలో, పేర్లను వెదికే పాత ప్రోగ్రామ్‌ను తొలగించి, డిస్కవరీడీ అనే కొత్త ప్రోగ్రామ్‌ను చేర్చారు. ఆ తరువాత చాలామందికి నెట్‌వర్క్‌లోని ఇతర పరికరాలు కనిపించకుండా పోయాయి. ఒకే కంప్యూటర్‌కు పేరు చివర రెండు, మూడు అని అంకెలు తగులుకొని, ఒక్కటే యంత్రం పలు రూపాలు దాల్చినట్లు కనిపించేది. చివరకు 2015 జూన్ 30న వెలువడిన 10.10.4 వెర్షన్‌లో యాపిల్ పాత ప్రోగ్రామ్‌నే తిరిగి నిలబెట్టింది. అంత పెద్ద సంస్థ సైతం అడుగు వెనుకకు వేయడానికి సంకోచించలేదు. వాడుకరి ఎంత ప్రయత్నించినా తొలగని లోపాలు కొన్ని ఉంటాయనీ, వాటికి తయారీదారు పంపే దిద్దుబాటే మందనీ దీనివల్ల తెలుస్తున్నది.

మన స్థాయిలో చేయదగిన పనులు రెండు. కంప్యూటర్ దాచుకున్న పాత పేర్ల జాబితాను చెరిపివేయడం ఒకటి. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ ఆజ్ఞకు ఫ్లష్‌డీఎన్ఎస్ అనే సూచనను చేర్చితే ఆ పని జరుగుతుంది. అమరికలలో డీఎన్ఎస్ సర్వర్ చిరునామా సరిగా ఉన్నదో లేదో చూసి, అవసరమైతే మార్చడం రెండవది.

ఐదవ మెట్టు: కావలి

పరికరం, చిరునామా, దారి, పేరు అన్నీ సరిగా ఉన్నా ఏదో ఒక పని మాత్రం జరగడం లేదు. పుటలు వస్తాయి, పక్క గదిలోని కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లు మాత్రం తెరుచుకోవు. అప్పుడు కావలివాడిని ప్రశ్నించాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ పూజారి ఫైర్‌వాల్. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే హానికర ప్రోగ్రామ్ విండోస్ కంప్యూటర్లలో వ్యాపించింది. మరుసటి సంవత్సరం ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్ ఫైర్‌వాల్‌ను తనంతట తానే పనిచేసేటట్లు చేసింది. దానితో కొన్ని ఆటలు, ఫైళ్లను పంచుకునే ప్రోగ్రామ్‌లు ఆగిపోయాయి. అవి చెడిపోలేదు. వాటికి ప్రవేశ అనుమతి మాత్రమే కావలసి ఉన్నది.

ఈ మెట్టు మీద ప్రలోభం కూడా ఎక్కువే. ఫైర్‌వాల్ మొత్తాన్ని ఆపివేస్తే పని వెంటనే జరిగిపోతుంది. కాని ఒక అతిథి లోపలికి రావడానికి ఇంటి తలుపులన్నీ ఊడదీయడం వివేకం కాదు. అవసరమైన ఒక్క ప్రోగ్రామ్‌కు మాత్రమే అనుమతి ఇవ్వాలి. పరీక్ష కోసం ఫైర్‌వాల్‌ను ఆపినా క్షణకాలమే ఆపి, వెంటనే తిరిగి పెట్టాలి.

కొన్ని తలుపులు మూతపడడమే మేలు. పక్క కంప్యూటర్‌లోని ఫైళ్లను చూడటానికి విండోస్ వాడిన ఎస్ఎంబీ పద్ధతి మొదటి వెర్షన్ 1980ల నాటిది. అందులోని లోపాన్ని సవరించే దిద్దుబాటును మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలో విడుదల చేసింది. అదే లోపాన్ని ఆధారం చేసుకుని ఆ సంవత్సరం మే నెలలో వాన్నాక్రై అనే ప్రోగ్రామ్ లోకం మీద పడింది. ఫైళ్లను తెరవరానట్లు చేసి, డబ్బు చెల్లిస్తేనే విడుదల చేస్తామని బెదిరించింది. బ్రిటన్‌లో అనేక ఆసుపత్రుల పనులు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి. దిద్దుబాటు రెండు నెలల ముందే సిద్ధంగా ఉన్నా, దానిని స్థాపించుకోని యంత్రాలు అనేకం ఉండడమే ఇంత నష్టానికి ముఖ్య కారణం. 2017 అక్టోబరు నాటి విండోస్ 10 వెర్షన్ నుండి మైక్రోసాఫ్ట్ ఆ పాత పద్ధతిని క్రమంగా పక్కన పెట్టింది. దానివల్ల పాత నిల్వ పరికరాలు, పాత ముద్రణ యంత్రాలలోని ఫోల్డర్లు కొన్ని ఇండ్లలో కనిపించకుండా పోయాయి. మూసిన తలుపును తిరిగి తెరిచే మార్గం ఉన్నది. అయినా పాత పరికరం సాఫ్ట్‌వేర్‌ను నవీకరించడమే సరైన పరిష్కారం. అది వీలుకాకపోతే పరికరాన్ని మార్చుకోవాలి. నవీకరణ తరువాత ఆగిపోయిన ప్రతిదీ లోపం కాదు. కొన్ని మన రక్షణ కోసం ఉద్దేశపూర్వకంగా ఆపినవి. ఈ భేదం తెలియకపోతే చికిత్స పేరుతో గాయాన్ని మనమే కొనితెచ్చుకుంటాం.

మందు - మోతాదు

ఐదు మెట్లలో ఎక్కడ లోపమున్నదో తేలిన తరువాత చికిత్సలో మూడు నియమాలు పాటించాలి. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. ప్రతి మార్పునూ, దాని ఫలితాన్నీ కాగితం మీద రాసుకోవాలి. ఫలితం లేని మార్పును వెనుకకు తీసుకున్న తరువాతనే రెండవదానికి పూనుకోవాలి. ఆలస్యమైనట్లు తోచినా అన్నిటికంటె త్వరగా గమ్యం చేర్చేది ఈ మార్గమే. నిదానమే ప్రధానమన్న లోకోక్తి ఇక్కడ వర్తిస్తుంది.

విండోస్ అమరికలలో నెట్‌వర్క్ రీసెట్ అనే సదుపాయం ఉన్నది. అది నెట్‌వర్క్ కార్డులన్నిటినీ తొలగించి, తిరిగి స్థాపించి, అమరికలను మొదటి స్థితికి తెస్తుంది. దాచుకున్న వైఫై సంకేతపదాలు పోతాయి. వీపీఎన్ వంటివి మళ్లీ అమర్చుకోవలసి రావచ్చు. ఇది గొడ్డలి. కావున ఇతర మార్గాలు విఫలమైనపుడే దీనిని చేతబట్టాలి. అదీ ఫలించకపోతే పాత వ్యవస్థకు తిరిగి వెళ్లే అవకాశం విండోస్ 11కు మారినవారికి సాధారణంగా పది రోజుల వరకు ఉంటుంది. అయితే అది శాశ్వత నివాసం కాదు. తగిన డ్రైవర్ దొరికే వరకు తలదాచుకునే నీడ మాత్రమే.

ముందుజాగ్రత్త

వరద వచ్చిన తరువాత గట్టు కట్టడం కంటె ముందే కట్టుకోవడం మేలు. నవీకరణకు పూర్వమే ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసుకోవాలి. నెట్‌వర్క్ కార్డుకు తగిన కొత్త డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో భద్రపరచాలి. వైఫై సంకేతపదాన్నీ, ఐపీకాన్ఫిగ్ చూపే వివరాలనూ నోటుపుస్తకంలో రాసుకోవాలి. సంబంధం బాగున్నపుడు అంకెలు ఎలా ఉన్నాయో తెలిసినవారికే, చెడినపుడు ఏది మారినదో తెలుస్తుంది. వాడని వీపీఎన్, పాత వైరస్ నివారణ సాఫ్ట్‌వేర్ ముందే తొలగించాలి. యూఎస్‌బీ తీగ ద్వారా ఫోన్ అంతర్జాలాన్ని కంప్యూటర్‌కు అందించడం నేర్చుకుంటే, వైఫై పనిచేయకున్నా మందు తెచ్చుకునే దారి ఒకటి మిగులుతుంది. అన్నిటికీ మించి, అత్యవసరమైన పని ముందున్న రోజున నవీకరణకు పూనుకోరాదు. దరఖాస్తు గడువు రేపనగా ఈ రోజు వ్యవస్థను మార్చడం ప్రయాణం ముందు బండి చక్రం ఊడదీయడం వంటిది.

పైన చెప్పిన సంఘటనలలో వ్యవస్థలు వేరు, సంవత్సరాలు వేరు, లోపాలు వేరు. అయినా వాటన్నిటిలో ఒక పోలిక ఉన్నది. సంబంధం మొత్తం పోయినట్లు కనిపించినా నిజానికి తెగినది ఒక్క ముడి మాత్రమే. ఒక చోట వడపోత, ఒక చోట పేరు, మరొక చోట ఒక చిన్న గుర్తు. రాబోయే వ్యవస్థలలో ఆజ్ఞల పేర్లు మారవచ్చు, తెరలు మారవచ్చు. కార్యకారణాలను విడదీసి, దగ్గర నుండి దూరానికి, సులభం నుండి కఠినానికి వరుసగా పరీక్షించే పద్ధతికి మాత్రం కాలదోషం పట్టదు. ఆ పద్ధతి చేతనైనవాడు తన యంత్రాన్ని బాగుచేసుకోవడమే కాక, పొరుగువారు ఆపదలో ఉన్నపుడు వారికీ అక్కరకు వస్తాడు.

కఠిన పదాలు - అర్థాలు

నవీకరణ = కొత్తదిగా చేయడం
వర్ణనాతీతం = వర్ణించడానికి వీలుకానిది
దుభాషి = ఒకరి మాటను వేరొకరి భాషలో చెప్పేవాడు
ప్రలోభం = ఆశపెట్టే గుణం
స్తంభించు = కదలక నిలిచిపోవు
సంకేతపదం = రహస్యంగా ఉంచుకునే గుర్తింపు పదం
అక్కరకు వచ్చు = అవసరానికి ఉపయోగపడు

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. నవీకరణ తరువాత నెట్‌వర్క్ లోపాన్ని కనుగొనే ఐదు మెట్లను సోదాహరణంగా వివరించండి.
2. "నవీకరణ తరువాత ఆగిపోయిన ప్రతిదీ లోపం కాదు." ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంక్షిప్తంగా సమాధానాలు రాయండి.

1. రచయిత నెట్‌వర్క్‌ను వలతో ఎందుకు పోల్చాడు?
2. విండోస్ విస్టాకు, కొన్ని రౌటర్లకు మాట కుదరకపోవడానికి కారణం ఏమిటి?
3. యోసెమిటీ ఉదంతం వల్ల ఏమి తెలుస్తున్నది?
4. నవీకరణకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. 169.254 తో మొదలయ్యే చిరునామా దేనికి గుర్తు?
2. పింగ్‌ను రూపొందించినది ఎవరు? ఆ పేరు ఎలా వచ్చింది?
3. డీఎన్ఎస్ చేసే పని ఏమిటి?

ఈ) సంధులు

విద్యార్థి = విద్యా + అర్థి - సవర్ణదీర్ఘ సంధి
లోకోక్తి = లోక + ఉక్తి - గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం - యణాదేశ సంధి

ఉ) సమాసాలు

కార్యకారణాలు - కార్యమును, కారణమును - ద్వంద్వ సమాసం
ఐదు మెట్లు - ఐదు సంఖ్య గల మెట్లు - ద్విగు సమాసం
బండి చక్రం - బండి యొక్క చక్రం - షష్ఠీ తత్పురుష సమాసం

ఊ) కింది సామెతలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.

ఇల్లు అలకగానే పండుగ కాదు. గోటితో పోయేదానికి గొడ్డలి. చింత చచ్చినా పులుపు చావదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు.